అత్త కాలి మీద నా కాలు

ఆ రోజు నేను చెప్పింది ఒక్కటే మాట. "బెణుకే" అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ వయసును అడ్డం పెట్టుకుని తప్పించుకోవాలని తర్వాత చాలాసార్లు చూశాను గానీ కుదరలేదు. పదేళ్ళవాడికి ఏది నిజమో తెలుస్తుంది. అందులోనూ ఆ నిజం వాడి అరికాలికే తగిలినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

మొన్న ఆదివారం సాయంత్రం న్యూ టౌన్‌లో మేముండే అపార్టుమెంటు కింద మనవడు ఫుట్‌బాల్ ఆడుతూ కాలు మడతపడి కూలబడ్డాడు. పైకి ఎత్తుకొచ్చారు. కోడలు ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి గుడ్డలో చుట్టింది. కొడుకు ఫోనులో ఏదో చదువుతున్నాడు. ఇప్పుడే వెళ్దామా, రేపటిదాకా చూద్దామా అని ఇద్దరూ ఒకరినొకరు అడుగుతున్నారు. నేను నేలమీద కూర్చుని, వాడి పాదం ఒళ్ళో పెట్టుకుని, చీలమండ ఎముక మీద వేలితో నొక్కాను. వాడు అరిచాడు. లేచి నాలుగు అడుగులు వెయ్యమన్నాను. రెండు వేసి గోడ పట్టుకున్నాడు. బండి పిలవమని కొడుకుతో అన్నాను.

ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఉత్త బెణుకే. తిరిగొస్తుంటే బండిలో కొడుకు నవ్వాడు. "ఇంత చిన్నదానికి నీ మొహం అలా పాలిపోయిందేంటి నాన్నా?" అన్నాడు.  వాడికి ఆ రోజు చెప్పని జవాబు ఇది.

మాది మున్సిపాలిటీ పనివాళ్ళ లైను. ట్రాము రోడ్డు వెనకాల ఇటుక గదులు, ఒకదాని వీపుకి ఒకటి ఆనించి కట్టినవి. వాటిలో పద్దెనిమిది ఇళ్ళు మనవాళ్ళవి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడే పాతుకుపోయిన కుటుంబాలు. పొద్దున్నే బొగ్గు పొయ్యిల పొగ లైనంతా మూసేసేది. అందులో చోడి అంబలి కాగుతున్న వాసన, ఎవరింట్లోనో కాలుతున్న ఎండుచేప వాసన, మా నాన్న చొక్కాకి ఎన్నిసార్లు ఉతికినా వదలని బ్లీచింగ్ పౌడరు వాసన కలిసిపోయేవి. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే బెంగాలీ, కొళాయి దగ్గర హిందీ.

ఆ లైనులో నాకొక గొప్ప ఉండేది. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను.

నన్ను చేతుల్లోకి తీసుకున్నది మా నానమ్మే. ఆ కథ వందసార్లు చెప్పేది. "అందరూ తలెట్టుకోనొత్తారు. ఈడు మాత్రం గడప దాటినట్టు కాలెట్టినాడు," అనేది. అలా పుట్టినవాడి కాలికి బెణుకులూ పట్లూ తీసే గుణం ఉంటుందని మావాళ్ళ నమ్మకం. నాకు అయిదేళ్ళు వచ్చినప్పటి నుంచి లైనులో ఎవరి కాలు బెణికినా, నడుం పట్టేసినా మా గుమ్మానికే వచ్చేవారు. వచ్చినవాళ్ళు గడపకి అడ్డంగా కాలు చాపి పడుకోవాలి. నానమ్మ నా కుడికాలు కడిగి అరికాలికి పసుపు, ఆవనూనె రాసేది. నేను గోడ పట్టుకుని, నొప్పి ఉన్నచోట మడమతో మూడుసార్లు తొక్కాలి. తొక్కించుకున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి. నాకు దోసెడు మరమరాలు, బెల్లం ముక్క దక్కేవి.

లైను మొదట్లో ఎర్రజెండా కట్టిన క్లబ్బు గది ఒకటి ఉండేది. అక్కడి పార్టీ బాబు ఒకాయన మమ్మల్ని కూర్చోబెట్టి, ఇదంతా మూఢనమ్మకం, చదువుకునే పిల్లలు ఇలాంటివి మానాలి అని గంటసేపు చెప్పాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం వెనక సందులోంచి నడుం పట్టుకుని వచ్చాడు. నానమ్మ ఏమీ అనకుండా గడప చూపించింది. ఆయన వెళ్ళాక మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు నవ్వింది.

ఆ కాలిని ఇంట్లో అందరూ కనిపెట్టుకుని ఉండేవారు. మేకు గుచ్చుకుంటుందని నన్ను ఫుట్‌బాల్‌కి పంపేవారు కాదు. రాత్రి దానికి వేరే దిండు. నేనూ తక్కువవాణ్ణి కాదు. కొళాయి దగ్గర నీళ్ళు పట్టి తెమ్మంటే "ఇయాల ఎవరో తొక్కించుకోడానికి వొత్తారు, కాలు అలిసిపోద్ది" అనేవాణ్ణి. గోలీల ఆటలో ఓడిపోతే, తన్నానంటే మామూలు తన్ను కాదని బెదిరించి గోలీలు లాక్కునేవాణ్ణి.

నాకు పోటీ లేకపోలేదు. పక్క లైనులో కవల ఆడపిల్లలు ఉండేవారు, నా వయసువాళ్ళే. కవలలిద్దరూ చెరోవైపు కూర్చుని నిమిరినా బెణుకు పోతుందని మరో నమ్మకం. కొళాయి దగ్గర కనిపిస్తే వాళ్ళు ఊరుకునేవారు కాదు. "మాయి నాలుగు సేతులు. నీది ఒంటి కాలు," అనేవారు. "సేతులు అందరికీ ఉంటాయి," అనేవాణ్ణి నేను. ఆ వానాకాలంలో మా ఎదురింటి తాత మెడ పట్టేస్తే రెండుసార్లు తొక్కాను, తగ్గలేదు. మూడోరోజు వాళ్ళు వెళ్ళి నిమిరారు, తగ్గిపోయింది. ఆ సంగతి లైనంతా చెప్పుకున్నారు. నేను రెండు రోజులు ఎవరి మొహం చూడలేదు.

అయితే నానమ్మ నాకు మొదటిరోజునే ఒక మాట చెప్పింది. అది ఇక్కడ రాయకపోతే తప్పంతా మా ఆచారం మీదికి పోతుంది. "బెనుకైతే నీ కాలి కింద మెత్తగా ఉంతాది. గరగరలాడితే మాత్తరం బేగి తియ్యి. అది మనది కాదు, డాక్టరుది," అంది. ఆ తర్వాత ఒకసారి అలా తీశాను కూడా. ఒకతని మణికట్టు మీద కాలు పెట్టగానే ఏదో కదిలినట్టనిపించి తీసేశాను. అతన్ని ఆస్పత్రికి తీసుకుపోయారు. నానమ్మ ఆ రోజు నాకు రెండు దోసిళ్ళ మరమరాలు ఇచ్చింది.

అత్త మా నాన్న చెల్లెలు. మావయ్య పోయాక ఆయన పనిలో బదిలీ మనిషిగా, అంటే పర్మినెంటు కాని రోజుకూలీగా, చేరి, మా దగ్గరే ఉండేది. ట్రాము రోడ్డులో డిపో నుంచి మందుల షాపు దాకా ఊడ్చే పని ఆవిడది. అంత వడిగా నడిచే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆవిడ పక్కన నడవాలంటే నేను పరిగెత్తాల్సిందే. పొద్దున్న ఊడ్చినప్పుడు దొరికిన ట్రాము టిక్కెట్లలో నలగనివి ఏరి, కొంగుకి కట్టుకుని తెచ్చి నాకిచ్చేది. డబ్బాడు టిక్కెట్లు పోగయ్యాయి నా దగ్గర. "అల్లుడూ, వీటితోటి ఊరంతా తిరిగెయ్యి," అనేది. దసరా పూజలయ్యాక బదిలీవాళ్ళలో కొందరి పేర్లు పిలిచి పక్కా ఉద్యోగం ఇస్తారని ఆ ఏడాది చెప్పుకుంటున్నారు. అత్త ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా వెళ్ళేది.

ఆ వారం మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. లైనులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. పొయ్యిలు మంచాల మీదికి ఎక్కాయి. రోడ్డు మీద నీళ్ళు నిలిచినప్పుడు అత్తవాళ్ళు ఇనప కొక్కేలతో కాలవ మూతలు లాగి తెరవాలి. ఆ పొద్దున అత్త మూత లాగుతుంటే, నీళ్ళ కింద కనబడని రాతి అంచు మీద కాలు పడి మడతపడింది. బడివేళకి తోటివాళ్ళిద్దరు ఆవిడని చెత్త తోసే బండి మీద కూర్చోబెట్టి తీసుకొచ్చారు. మొహం చెమటతో తడిసి ఉంది, లేకపోతే వానతోనో. అయినా పరాచికం మానలేదు. "సెత్తతో పాటు నన్నూ కుప్పలో ఒంపేత్తారేమోనని బయమేసింది," అంది మా అమ్మతో.

మంచం మీద కూర్చోబెట్టి చూస్తే చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాచింది. నేలమీద కాలు మోపబోయి, మోపలేక, మంచంకోడు పట్టుకుంది. నాన్న రెండో మాట లేకుండా లుంగీ పైకి మడిచి కట్టాడు. నీళ్ళలో బస్సు రాదు, బండి మీదే తోసుకుపోదాం అన్నాడు.

నానమ్మ ఆపింది. "ఆస్పత్తిరికెల్తే కట్టేసి నలబై రోజులు మంచాన పడేత్తారు. పేర్లు పిలిసేనాటికి ఇది లెగవకపోతే దీని జాగాలోకి ఇంకోలొత్తారు. ముందల ఈడి కాలు పడనీ. ఈడి కాలికి ఏటి తెలుత్తాదో సూసి అప్పుడెల్దాం."

నాన్న అత్త వైపు చూశాడు. అత్త తల ఊపింది. "పడనీ అన్నయ్యా. అల్లుడు సెప్తాడు కదా," అంది.

ఇప్పటికీ నా గుండెలో గుచ్చుకునేది ఆ మాటే. తొక్కితే తగ్గుతుందని వాళ్ళెవరూ అనుకోలేదు. ఆస్పత్రికి వెళ్ళాలా వద్దా అని నన్ను అడుగుతున్నారు.

అప్పటికే గుమ్మం ముందు నీళ్ళలో పదిమంది చేరారు. కవలలు కూడా వాళ్ళమ్మ చెయ్యి చెరోవైపు పట్టుకుని, గౌన్లు పైకి దోపుకుని నిలబడ్డారు. నా కాలు పనిచెయ్యకపోతే పిలవచ్చని వాళ్ళమ్మే తీసుకొచ్చిందట. నేను వాళ్ళని చూశాను. వాళ్ళు నా కాలిని చూస్తున్నారు.

అత్త గడపకి అడ్డంగా కాలు చాపింది. నానమ్మ కాలు కడిగి పసుపు రాసింది. నేను గోడ పట్టుకున్నాను. మడమ పెట్టి బరువు వేశాను.

అరికాలి కింద మరమరాలు నలిగినట్టయింది. తడి గుడ్డలో మూటగట్టిన మరమరాల మీద కాలేస్తే ఎలా ఉంటుందో అలా. చప్పుడు బయటికి రాలేదు. నాకొక్కడికే వినబడింది, అదీ చెవికి కాదు. అత్త కొంగు కొరుక్కుని కళ్ళు మూసుకుంది.

అప్పుడు కాలు తీసెయ్యాలి. తీస్తే అందరికీ తెలిసిపోతుంది, అది మనది కాదని. కవలలు వెనక్కి వెళ్ళి, ఒంటికాలు మళ్ళీ ఓడిపోయిందని లైనంతా చెప్తారు. ఎముక విరిగితే వాళ్ళ చేతులూ పనికిరావన్న సంగతి నాకు తట్టనేలేదు. రెండోసారి తొక్కాను. మూడోసారి కూడా తొక్కాను.

ఇది రాయడానికి నాకు యాభై ఏళ్ళకి దగ్గర పట్టింది. మొదటిది తెలియక తొక్కాను. ఆ తర్వాత రెండూ తెలిసి తొక్కాను.

"ఏటి తెలిసిందిరా కాలికి?" అంది నానమ్మ.

"బెణుకే," అన్నాను. ఊరికే వదలకుండా, "రేపటికి దిగిపోద్ది," అని కూడా కలిపాను.

గుమ్మంలో అందరూ ఊపిరి వదిలారు. కవలలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాన్న మడిచి కట్టిన లుంగీ నెమ్మదిగా కిందికి దించేశాడు. దాని అంచు నేలమీది నీళ్ళలో తడవడం నేను చూశాను. అమ్మ నా దోసిట్లో మరమరాలు పోసింది. వాటిని నేను వెనక తలుపు దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళలో వదిలేశాను. అవి తేలుతూ సందులోకి పోయాయి.

మర్నాటికి వాపు దిగలేదు. ఎవరింటి నుంచో కోడిగుడ్డు సొనలో పసుపు కలిపి తెచ్చి పట్టు వేశారు. ఇంకెవరో చింతపండు, ఉప్పు ఉడికించి రాశారు. ఆ గదిలో తడి గోడల వాసనకి తోడు పసుపు, పులుపు, ఆవనూనె వాసనలు చేరాయి. నన్ను మళ్ళీ తొక్కమన్నారు. నేను గోడని గట్టిగా పట్టుకుని, బరువంతా ఎడమకాలి మీద ఉంచి, కుడికాలు ఊరికే ఆనించి తీశాను. ఎవరికీ తెలియలేదు.

అత్త మాత్రం, "ఇయాల నీ కాలు తేలిగ్గుందే, అల్లుడూ," అంది. 

ఆ రోజంతా నేను మంచం పక్కనే తిరిగాను. బడి నీళ్ళలో మునిగి సెలవిచ్చారు. అత్త నన్ను కూర్చోబెట్టి టిక్కెట్లు రంగుల ప్రకారం కట్టలు కట్టించింది. మధ్యమధ్యలో మాట ఆపేసి గోడకేసి చూసేది. నొప్పి వచ్చినప్పుడు అలా చూస్తోందని నాకు రెండోసారికే అర్థమయింది. నాన్న పని నుంచి వచ్చి, ఎలా ఉందని అడిగేవాడు. తగ్గుతోంది అనేది. నాన్న నా వైపు చూసేవాడు. నేను తల ఊపేవాణ్ణి. చెప్పడానికి ఎన్ని అవకాశాలు వచ్చాయో లెక్కపెట్టలేను. ఒక్కొక్కటి దాటిపోయేకొద్దీ తర్వాతది ఇంకా కష్టమయ్యేది.

మూడోరోజు పొద్దున అత్త కాలి వేళ్ళ రంగు మారింది. మామూలు నలుపు కాదు. వంకాయ తొక్క రంగు. నేను ఎవరికీ చెప్పకుండా నీళ్ళలో దిగి మెయిన్ రోడ్డు మీది మందుల షాపుకి పోయాను. అక్కడ కూర్చునే కాంపౌండర్‌ని అందరూ దాదా అనేవారు. షాపు నేలంతా నీళ్ళే. ఆయన బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఠోంగా పొట్లంలో మూఢీ తింటున్నాడు. మూఢీ అంటే మరమరాలే. ఆవనూనె, పచ్చిమిరప కలిపినవి. నేను ఆ పొట్లం వైపు చూడకుండా నిలబడ్డాను.

మా బళ్ళో ఒకబ్బాయికి కాలు మడతపడిందని మొదలుపెట్టాను.

"ఆ అబ్బాయి చీర కడతాడా?" అన్నాడు దాదా. మూడు రోజుల నుంచి నా షాపు ముందు ఊడ్చడానికి మీ అత్త రాలేదు, నేను గుడ్డివాణ్ణి కాదు అన్నాడు. తర్వాత పొట్లం పక్కన పెట్టి, తన కాలే చాపి నాకు చూపించాడు. ఇక్కడ, ఈ ఎముక బుడిపె మీద వేలు పెడితే నొప్పా, లేక చుట్టూ మెత్తని చోటా? బెణుకు మెత్తనిచోట నొప్పి పెడుతుంది, విరిగితే ఎముక మీద నొప్పి పెడుతుంది అన్నాడు. రెండోది, పడగానే గానీ, ఇప్పుడు గానీ, ఎవరూ పట్టుకోకుండా నాలుగు అడుగులు వేయగలిగిందా? కుంటుకుంటూ అయినా సరే, నాలుగు.

"మూడోది, వేళ్ళు చల్లగా ఉన్నాయా? గిచ్చితే తెలుస్తోందా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా నన్ను అడగొద్దు, నీ కాలునీ అడగొద్దు. నీళ్ళు తగ్గేదాకా ఆగొద్దు. ఈరోజే తీసుకెళ్ళండి." ఆయన బెంగాలీలో అన్న మాటలివి. మా లైనులో నా కాలి సంగతి ఆయనకీ తెలుసన్నమాట.

నేను నీళ్ళలో పరిగెత్తాను. నీళ్ళలో పరుగు కలలో పరుగులాంటిది, కాళ్ళు ముందుకు రావు. ఇంటికొచ్చి అత్త కాలి దగ్గర కూర్చుని బొటనవేలు పట్టుకున్నాను. కొళాయి ఇనుమంత చల్లగా ఉంది. చిటికెనవేలు గోటితో గిచ్చాను. అత్త టిక్కెట్ల కట్టకి దారం చుడుతూనే ఉంది. ఇంకా గట్టిగా గిచ్చాను.

"ఏటలా నా కాలి కాడ కూకున్నావు?" అంది. గిచ్చినట్టు ఆవిడకి తెలియలేదు.

నాన్న మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి గుమ్మంలోనే చెప్పాను. కాంపౌండర్ దాదా ఈరోజే తీసుకెళ్ళమన్నాడు, వేళ్ళు చల్లబడ్డాయి అన్నాను. నాన్న వంగి వేళ్ళు పట్టుకుని చూశాడు. అన్నం తినలేదు. లుంగీ మడిచి కట్టి బండి కోసం వెళ్ళాడు. ఆ గడియలో కూడా నేను సగమే చెప్పాను. గరగరలాడిన సంగతి చెప్పలేదు.

చెత్త బండి కడిగి, మీద గోనె పరిచి అత్తని ఎక్కించారు. నేను కూడా ఎక్కి, నా కాలికి వేసే దిండు మీద ఆవిడ పాదం పెట్టుకుని పట్టుకున్నాను. నాన్న, మరో ఇద్దరు తోశారు. బండి గుంటలో పడ్డప్పుడల్లా అత్త నా భుజం పట్టుకునేది. ఆ వేళ్ళ పట్టు ఎంత బిగిసేదో దాన్నిబట్టి ఆ నొప్పి నాకు తెలిసేది. ఆస్పత్రికి చేరేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నేను ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను, రంగు ఇంకా మారుతోందేమోనని.

డాక్టరు కుర్రవాడు. ఎక్స్‌రే అద్దం మీద పెట్టి చూసి, ఎప్పుడు పడిందని అడిగాడు. నాన్న చెప్పాడు. ఆయన ఫిల్ము వైపు చాలాసేపు చూశాడు. ఆ రోజే వచ్చుంటే కట్టు వేసి పంపేవాణ్ణి, విరిగిన ముక్క ఇంతగా జరిగేది కాదు అన్నాడు. ఇప్పుడు కోసి సరిచెయ్యాలి. ఇంకో రోజు ఆగి ఉంటే వేళ్ళ గురించి తను ఏమీ చెప్పలేకపోయేవాణ్ణని కూడా అన్నాడు. అంతలో ఫిల్ము దించి, "దీని మీద బాగా బరువు పడింది. ఎవరు తొక్కారు?" అని బెంగాలీలో అడిగాడు.

నాన్న నోరు తెరిచాడు. 

"నేనే నడిచాను డాక్టర్‌బాబూ," అంది అత్త, ఆయన భాషలోనే. "పని పోతుందని దీని మీదే నడిచాను."

డాక్టరు ఆవిడని బాగా కోప్పడ్డాడు. ఆవిడ తల వంచుకుని మాటలు పడింది. నాన్న నా వైపు చూడలేదు. ఇంటికి వచ్చాక కూడా చూడలేదు.

వేళ్ళు దక్కాయి. కాలు పూర్తిగా దక్కలేదు. చీలమండ మునుపటిలా వంగదని చెప్పారు. పూజలకి ఢాకీలు డప్పులు వాయిస్తుంటే అత్త మంచం మీద కట్టుతో కూర్చుని విన్నది. పూజలయ్యాక పేర్లు పిలిచారు. అందులో ఆవిడ పేరు లేదు.  నానమ్మ ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

కట్టు విప్పిన రోజున నేను అత్తకి చెప్పాను. అమ్మ కొళాయికి వెళ్ళింది, గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ సన్నబడిపోయిన కాలికి ఆవనూనె రాసుకుంటోంది. మొదటిసారి తొక్కినప్పుడే గరగరలాడిందని, తెలిసే ఇంకా రెండుసార్లు తొక్కానని, తెలిసే బెణుకన్నానని, కవలలు చూస్తున్నారని అలా చేశానని మొత్తం చెప్పాను.

అత్త నూనె రాయడం ఆపలేదు. "నీ కాలికి తెలిసింది నా ఎముక్కి తెల్దేటి?" అంది. ఇంకొంచెం నూనె పోసుకుని, "నువ్వు బెనుకే అంటే నాకూ హాయిగానే ఉండింది, అల్లుడూ. అందికే నోరెత్తనేదు," అంది.

ఆ మాట నన్ను క్షమించడానికే అన్నదని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఆవిడ తన తప్పు తను చెప్పుకుంది. నాది నాకే ఉంది.

ఆ సాయంత్రం నేను లైనులో మొదటి గుమ్మం నుంచి మొదలుపెట్టాను. ఒక్కో ఇంటి ముందూ నిలబడి అదే మాట చెప్పాను. అత్త కాలు విరిగిందని నాకు తొక్కినప్పుడే తెలుసు, దాచాను, ఇకమీదట నా చేత ఎవరూ తొక్కించుకోవద్దు అని. ఒకరిద్దరు నవ్వారు. ఒకామె నా చెంప మీద కొట్టింది, ఆమె మా అత్తతో పాటు ఊడ్చే మనిషి. పక్క లైనుకి కూడా వెళ్ళి కవలల గుమ్మం ముందు చెప్పాను. వాళ్ళు వెక్కిరిస్తారనుకున్నాను. చెరో కిటికీ ఊచ పట్టుకుని చూశారంతే. ఆఖరి గుమ్మం మాదే. నానమ్మ గడప మీద కూర్చుని ఉంది. అంతా విని, "నీ కాలు నిజమే సెప్పిందిరా. దాన్నెందుకు తిడతావు, నోటిని తిట్టుకో," అని లోపలికి పోయింది. పది రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత కూడా లైనులో ఎవరికైనా కాలు మడతపడితే అలవాటుకొద్దీ నన్ను పిలిచేవారు. నేను వెళ్ళేవాణ్ణి. కాలు కడుక్కునేవాణ్ణి కాదు. ఎముక మీద వేలుపెట్టి చూసి, నాలుగు అడుగులు వెయ్యమని, వేళ్ళు ముట్టుకుని, అవసరమైతే బండి తెచ్చేవాణ్ణి. అక్కర్లేని రోజున కూడా ఒకటి రెండుసార్లు తీసుకుపోయి డాక్టరు చేత చివాట్లు తిన్నాను.

చలికాలంలో అత్త పనిలోకి వెళ్ళింది. మొదటిరోజు తెల్లవారుతుండగా మంచంలో పడుకుని విన్నాను. మునుపు ఆవిడ చీపురు ఒకే లయలో సర్రు సర్రుమని దూరమైపోయేది. ఇప్పుడు ఒక దెబ్బ పొడుగు, ఒక దెబ్బ పొట్టి. మధ్యలో ఆగడం. మందుల షాపు చేరేసరికి ఎండ వచ్చేస్తుంది, ఆలస్యం రాస్తారు, మళ్ళీ పేరు పిలవరు.

లేచి మూల ఉన్న పాత చీపురు తీసుకున్నాను. డిపో దగ్గర ఆవిడని కలుసుకున్నాను. ఏటిది అంది. నేను పట్టాలకి అటువైపు మొదలుపెట్టాను. ఎవరైనా చూస్తే ఏమంటారని గొణిగింది. ఎవరూ ఏమీ అనలేదు. మందుల షాపు దాదా తలుపులు తీస్తూ మమ్మల్నిద్దరినీ చూసి, నీళ్ళు చల్లడానికి తెచ్చిన బకెట్ పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

మూడో ఏడు పూజల తర్వాత అత్త పేరు పిలిచారు. దాని తర్వాత కూడా నేను మానలేదు. పదో తరగతి పరీక్షల పొద్దున వరకూ అటువైపు సగం నాదే. బడికి వెళ్ళేముందు చేతులు కడుక్కుంటే అరచేతుల్లో పుల్లల గీతలు ఉండేవి. ఆవిడ పట్టాలకి ఈ పక్క, నేను ఆ పక్క. మొదట్లో నేను ముందుకు వెళ్ళిపోయేవాణ్ణి. తర్వాత ఆవిడ పొట్టి అడుగుకి ఆగడం, పొడుగు అడుగుకి కదలడం నేర్చుకున్నాను. కొన్నాళ్ళకి మంచు కమ్మిన పొద్దుల్లో ఒకరికొకరం కనబడకపోయినా, మా రెండు చీపుళ్ళూ ఒకే చోట ఆగేవి.